ఊపిరికొక ఆవర్జా



ఇబ్రహీంపట్నమున మేము కాపురముండు వీధికి ఒకప్రక్క కృష్ణ, ఒకప్రక్క రేయింబవళ్లు నిద్రయెఱుగని హైదరాబాదు రాజమార్గము. ఈ రెండును మాయూరివారికి అన్నము పెట్టునవే. రెండును అప్పుడప్పుడు ప్రాణములు గొనునవే. పోయిన వానకాలమున మాత్రము మా వీధికి ఆపద ఏటినుండి రాలేదు, బాటనుండి రాలేదు. ఇంటిలోని చాపక్రిందనుండి వచ్చినది.

మా ప్రక్కయింట కూలిపని చేసికొని బ్రతుకు నొక యిల్లాలు నేలపై చాప పఱచుకొని నిదురించి, తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచెను. అజీర్తి యనుకొని యింటివారు వాము నమలనిచ్చిరి. తెలతెలవాఱుసరికి ఆమె కనుఱెప్పలు వాలిపోయెను, మాట ముద్దకట్టెను, మ్రింగలేక నోట చొంగ కారసాగెను. చాప దులుపగా కట్లపాము బయటపడెను. ఆ పాము కఱచినచోట నొప్పియు వాపును కనబడకపోవచ్చుననియు, దాని విషము కండరములను చచ్చుపఱచి తుదకు ఊపిరిని ఆపుననియు మాకు అంతవఱకు తెలియదు. వెంటనే 108కి టెలిఫోను చేసిరి. బండి వచ్చునప్పటికి ఆమె యెద కదలిక కంటికి ఆనకుండెను.

బండిదిగిన పడుచువానికి పాతికయేండ్లు మించవు. అతడు ఆమె తల వెనుకకు వంచి, గడ్డము పైకెత్తి, ముక్కునోళ్లపై తొడుగు గట్టిగా అదిమి, దానికి తగిలించిన రబ్బరుసంచిని చేతితో నొత్తుచు ఊపిరి పోయసాగెను. విజయవాడ చేరువఱకు ఆ చేయి ఆగలేదని వెంటబోయిన భర్త చెప్పెను. ఆసుపత్రిలో ఆమెను ఊపిరియంత్రముపై నుంచి విషమునకు విఱుగుడు ఎక్కించిరి. పదునొకండవనాడు ఆమె తన కాళ్లతో నడిచి యింటికి వచ్చెను.

ఇంతవఱకు చెప్పినది సంతోషవార్తయే. మమ్ము కలతపెట్టినది తరువాతి మాట. రెండునెలల పిమ్మట నొకనాడు ఆ పడుచువాడే మా వీధికి మరల వచ్చెను. పిలిచినవారు అప్పటికే ఆటోలో వెళ్లిపోయి రని విని తిరిగిపోవుచు, మా గుమ్మముకడ నిలిచి, “అమ్మగారూ! ఆ రోజు పాము కరిచినావిడను తీసుకెళ్ళాం చూడండి, ఆవిడ బతికిందాండీ?” అని యడిగెను.

మేము నివ్వెఱపోయితిమి. అన్ని క్రోసుల బాట ఆమె ఊపిరిని తన పిడికిట పెట్టుకొని మోసినవానికి ఆమె యున్నదో లేదో తెలియదు! “మాకెవరు చెప్తారండీ? ఆసుపత్రి గుమ్మంలో అప్పగించి కాగితం రాసిచ్చి వచ్చేస్తాం. ఆ తర్వాత ఏమైందో, మేం చేసింది సరైనదో కాదో మా దాకా రాదు” అనెను. ఆమె బ్రతికినదని చెప్పి, లోనికి పిలిచి మజ్జిగ యిచ్చి పంపితిమి. సాయంకాలము బడినుండి వచ్చిన మావారికి ఈ సంగతి చెప్పగా, “ఏండ్ల తరబడి పాఠము చెప్పి, తన పిల్లల పరీక్షాఫలితములు ఒకనాడును చూడని ఉపాధ్యాయుడు ఏమి నేర్చుకొనును?” అనిరి. ఆ మాట పట్టుకొని మేము తెలిసినవారి నడిగి, చదివి గ్రహించిన విషయము సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఛాందోగ్యోపనిషత్తునందు ఇంద్రియములకును ప్రాణమునకును ‘ఎవరు గొప్ప’ యని వాదు పుట్టిన కథ మనలో పెక్కండ్రు విన్నదే. వాక్కు విడిచిపోయినను, చూపు విడిచిపోయినను మనుజుడు బ్రతికెను గాని, ప్రాణము కదలబోగానే తక్కినవన్నియు తల్లడిల్లినవి. నేటి వైద్యులు చెప్పునదియు నిదియే. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషములకే మెదడు చెడుట కారంభించును. విఱిగిన కాలు గంటసేపు ఓర్చుకొనును. మూసికొనిన కంఠము ఓర్చుకొనదు.

ఆ కంఠము మూసికొనుటకు మన ప్రాంతమున కారణములు కొల్లలు. రాజమార్గముపై తలకు దెబ్బతగిలి తెలివితప్పినవాని నాలుక వెనుకకు జాఱి గొంతు కడ్డుపడును. పొలమునకు కొట్టు పురుగులమందు కడుపులోనికి పోయినచో నోట నురుగు నిండి ఊపిరితిత్తులు నీరుపట్టును. త్రాచు, కట్లపాము మన వరిచేలను, పాకలను విడువవు. 2017 నవంబరు 12న మాయూరి పవిత్రసంగమముకడ పడవ మునిగి యిరువదిమందికి పైగా మరణించిన దినము మేమెవరము మఱువలేదు. ఇక వేరుసెనగపప్పు గొంతున పడిన పసివాని సంగతి తల్లులకు చెప్పవలసిన పనిలేదు.

ఇట్టివారికి ఆసుపత్రి చేరులోపల ఊపిరి అందించుటకు మూడు మార్గము లున్నవి. మొదటిది మేము చూచినది: తల సరిగా నుంచి, తొడుగు అదిమి, సంచి నొత్తుట. దీనిని ఆ పనివారు అంబూ సంచి యందురు. రెండవది, ఐ-జెల్ వంటి మెత్తని గొట్టమును గొంతుమొదటివఱకు జొనిపి ఊపిరితోవపై బోర్లించుట. మూడవది, సన్నని గొట్టమును స్వరతంతువుల నడుమగా శ్వాసనాళములోనికే దింపుట. ఈ మూడవది నిలిచినంతసేపు మిక్కిలి గట్టిది. కాని ఊపిరితోవయు అన్నపుతోవయు ఇరుగుపొరుగుల వాకిండ్లవంటివి. చీకటిలో, కుదుపులో, వాంతి నిండిన నోటిలో ఆ గొట్టము పొరపాటున అన్నపుతోవ పట్టినచో గాలి కడుపులోనికి పోవును. చేసినవాడు ప్రాణము పోయుచున్నా ననుకొనుచుండగనే ప్రాణము పోవును.

మఱి బండిలోనివా రేది చేయవలెను? ఈ ప్రశ్నమీద పెద్ద వైద్యులే ఏండ్ల తరబడి వాదించుకొనిరి. ‘నా యనుభవమున నిది మంచిది’ యని యొకరు, ‘కాదు, అది మంచి’దని యొకరు. అనుభవము గొప్పదే గాని, అది తన గెలుపులను మఱువదు, తన ఓటములను ఎఱుగదు. ఎఱుగక పోవుటకు కారణము మా గుమ్మముకడ ఆ పడుచువాడు చెప్పనే చెప్పెను.

ఇందులకు మందు లెక్క. మా తాతగారు కరణీకము చేసినవారు. 1984లో ఆ కొలువులు రద్దయినను, చిట్టా, ఆవర్జా యను మాటలు మా పుట్టింట నేటికిని వినవచ్చును. ఏనాటి యిచ్చిపుచ్చుకొనుట లానాడు వరుసగా వ్రాయునది చిట్టా. ఆ చిట్టానుండి యేరి, ఒక్కొక్కరి పద్దు ఒక్కచోట చేర్చి, మొదలు తుద తెలియునట్లు నిలుపునది ఆవర్జా. చిట్టా యెంత లావైనను, ఆవర్జాకు ఎక్కింపనిచో ఎవ్వరు ఎంత బాకీయో తేలదు. బండివారు ఆసుపత్రి గుమ్మములో వ్రాసియిచ్చు కాగితము చిట్టా. ఆ కాగితమును, ఆసుపత్రిలో జరిగినదానిని, నెల గడచినపిమ్మట రోగి యున్న స్థితిని ఒక్క పద్దుగా చేర్చి, అట్టి వేల పద్దులను ప్రక్కప్రక్కన నిలిపి చూచుటకు కూర్చిన పుస్తకమే వైద్యులు రిజిస్ట్రీ యనునది. మేము దానిని ఆవర్జా యనియే పిలిచెదము.

ఆవర్జాకు మొదట కావలసినది కొలతల యొద్దిక. ఒక యూరి కుంచము వేఱు, ఒక యూరి కుంచము వేఱయినచో పంటలు పోల్చుట యెట్లు? 1990లో నార్వేదేశపు ఉట్‌స్టైన్ అను పాత మఠమున పలుదేశముల వైద్యులు గుమికూడి, గుండె ఆగినవారి విషయమున ఏయే సంగతు లెట్లు వ్రాయవలెనో, ఏ మాటకు ఏ యర్థమో నిర్ణయించుకొని, మఱుసటి యేట ప్రకటించిరి. నేటికిని ఆ పద్ధతికి ఆ మఠము పేరే నిలిచియున్నది.

లెక్క వ్రాయనారంభింపగానే దాగియున్న తప్పులు బయటపడినవి. అమెరికాలో ఆర్లాండో నగరపు ఆసుపత్రి యొకటి, బండివారు గొట్టము వేసి తెచ్చిన రోగులను గుమ్మములోనే పరీక్షించి, 2001లో ఆ లెక్క ప్రకటించెను. పరీక్షించినవారు 108మంది. వారిలో 27మందికి గొట్టము ఉండవలసినచోట లేదు. నలుగురిలో నొకరికి! తెచ్చినవారు ద్రోహులు కారు. తమ పొరపాటు తమకు తెలియదు, అంతే. పిమ్మట ఆ ప్రాంతముననే, మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఎడతెగక కొలుచు చిన్న యంత్రమును వాడినవారిని, వాడనివారిని పోల్చి 2005లో ప్రకటించిరి. యంత్రము నెడతెగక వాడిన 93మందిలో కనిపెట్టని తప్పు ఒక్కటియు లేదు. వాడని 60మందిలో నూటికి 23వంతుల తప్పులు. గొట్టము ఊపిరితోవలో నున్నచో ఆ వాయువు తిరిగివచ్చును, అన్నపుతోవలో నున్నచో రాదు. ఇంత చిన్న గుర్తు అన్ని ప్రాణములను కాచును. ముందుగా ఎవరో తమ తప్పులను లెక్కించి ధైర్యముతో అచ్చువేయకున్న, దాని విలువ యెవరికి తెలియును?

జపానుదేశమున గుండె ఆగినవారి కందఱకును దేశవ్యాప్తమైన ఆవర్జా కలదు. అందుండి 2005 మొదలు 2010 వఱకు 6,49,654 మంది పద్దులను తీసి 2013లో పరిశీలించిరి. వట్టి సంచితో ఊపిరి పొందినవారిలో నూటికి 2.9వంతులు తెలివి చెడక కోలుకొనిరి. గొట్టములు వేయబడినవారిలో 1.1వంతు మాత్రమే. అయినచో గొట్టములు చెఱుపు చేసెనా? ఇచ్చట తొందరపడరాదు. త్వరగా తేఱుకొన్నవారికి గొట్టము వేయు నవసరమే కలుగదు. చేయి దాటినవారికే వేయుదురు. కావున గొట్టము వేసిన పద్దున మరణము లెక్కువగా కనబడుట సహజము. ఆవర్జా ప్రశ్నను నిలుపును. తీర్పు చెప్పుటకు చీట్లు వేసి పంచి చూచు పరీక్ష కావలెను.

రోగులను వంతులుగా పంచి చూచిన పరీక్షలును జరిగినవి. కాలిఫోర్నియాలో 830మంది పసివారిపై జరిపి 2000లో ప్రకటించిన దానిలో, సంచి వంతునకు వచ్చిన పిల్లలు నూటికి 30, గొట్టము వంతునకు వచ్చినవారు 26 బ్రతికిరి. గణితశాస్త్రమున ఈ భేదము భేదముగా నెన్నదగినది కాదు. 2018లో ప్రకటితమైన ఇంగ్లండు పరీక్షలో 9,296 మంది పెద్దలకు ఐ-జెల్లును, శ్వాసనాళపు గొట్టమును పోల్చిరి. మంచిగా కోలుకొన్నవారు నూటికి 6.4, 6.8. రెండును ఇంచుమించు సమానము. అనగా కష్టమైన విద్య కొంచెమే వచ్చినవానికంటె, సులువైన విద్య బాగుగా వచ్చినవాడు రోగి కేమియు తక్కువ చేయడు. మా ప్రక్కయింటి యామెకు సంచి యొత్తిన పడుచువానిని ‘పెద్దపని చేయలేకపోయె’నని మన మెవ్వరమును చిన్నచూపు చూడరాదు.

ఇక మన సంగతి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైనది. ఎన్నో ప్రసవములకు, ఎన్నో ప్రమాదములకు ఆ బండి మన గడపలు త్రొక్కినది. 2020 జూలై 1న విజయవాడ బెంజిసర్కిలుకడ 108, 104 బండ్లు కలిపి 1,088 ఒక్కనాడే బయలుదేరదీసిరి. ఈ సేవను నడపు సంస్థలు నడుమనడుమ మాఱినవి. బండ్లు మాఱవచ్చును, సంస్థలు మాఱవచ్చును. పాత లెక్కలు మాత్రము నూతి పాలు కారాదు.

మనయందు లెక్క తీయగల నేర్పు లేదని యనుకొనవలదు. ఆయాసముతో 108 ఎక్కిన 650మందిని గుఱించి ఆంధ్రప్రదేశమున జరిగిన పరిశీలనమును, ఇచ్చటివారితో కలిసి పనిచేసిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2015లో ప్రకటించిరి. వారిలో నూటికి 66మంది పల్లెలవారు. ప్రాణవాయువు పొందినవారు నూటికి 76, టెలిఫోనులో వైద్యుని సలహా పొందినవారు 40, సంచితో ఊపిరి పొందినవారు 4. ఆసుపత్రి చేరకమునుపే నూటికి 12మంది పోయిరి, నెలనాటికి 35మంది. నెలకు బ్రతికియున్నారని నిర్ధారణమైనవారు 46. మిగిలినవారి జాడ తెలియనేలేదు.

ఆ నాలుగు అను అంకెకడ మేము చాలసేపు ఆగితిమి. నూటికి నలుగురికే సంచి యవసరమాయెనా? లేక ఇంకను కొందఱికి అవసరమై యుండి అందకపోయెనా? ఒక్కమాఱు తీసిన లెక్క దీనికి బదులు చెప్పలేదు. దినదినము ప్రతిబండి వ్రాసి, ప్రతి ఆసుపత్రి పూర్తిచేసి, ఏటేట పోల్చి చూచు ఆవర్జాయే చెప్పవలెను. అందు వ్రాయవలసినవి పెక్కులు కావు: పిలుపు వచ్చిన వేళ, బండి చేరిన వేళ; రోగి ఊపిరి, రక్తములోని ప్రాణవాయువు అప్పుడెంత, పిమ్మట నెంత; ఏ మార్గమున ఊపిరి అందించిరి; మొదటి ప్రయత్నముననే కుదిరెనా, ఎన్ని ప్రయత్నము లాయెను; బొగ్గుపులుసు వాయువు తిరిగివచ్చెనా; వాంతి యాయెనా; నెలకు రోగి యెట్లున్నాడు. పేరు అక్కఱలేదు, అంకె చాలును. ఇంటి గుట్టు ఇంటనే యుండును.

అయితే ఈ పుస్తకమునకు చెదలు పట్టించునది యొకటి గలదు, అది భయము. కొత్తకోడలి చేతిలో గాజుగిన్నె పగిలినదనుకొనుడు. అత్తగారు కేకలు వేయునదైనచో కోడలు పెంకులను పెరటిలో పాతిపెట్టును. మఱునాడు అదే తడిగట్టుపై మఱియొక గిన్నె జాఱిపడును. “ఎట్లు జాఱినది, అమ్మా?” యని యడుగునదైనచో గట్టు తుడుచుకొందురు. ‘మూడుసార్లు ప్రయత్నించితిని, కుదరలేదు’ అని నిజము వ్రాసిన టెక్నీషియనుకు జీతము కోసినచో, ఆపైన అందఱును ‘మొదటిసారియే కుదిరె’నని వ్రాయుదురు. అట్టి ఆవర్జా లేకుండుటయే మేలు. చిత్రగుప్తుని చిట్టా శిక్షించుటకు. మన ఆవర్జా నేర్చుకొనుటకు.

ఇదంతయు ప్రభుత్వమువారును వైద్యులును చూచుకొనవలసినది గదా, మనకేమి యని సోదరీమణులు తలపవచ్చును. ఆవర్జాలో మొదటి వరుసయు చివరి వరుసయు మన యిండ్లలోనే వ్రాయబడును.

మొదటి వరుస యనగా ఆపద కలిగిన వేళ. గడియారము చూచి గుర్తుంచుకొనుడు. 108వారితో ఊరు, వీధి, కొండగుర్తు చెప్పి, ‘ఊపిరి యున్నది’ లేక ‘లేదు’ అని తేటగా చెప్పుడు. వారు చెప్పునది వినుచు చేయుడు. తెలివితప్పి ఊపిరి యున్నవానిని ఒకప్రక్కకు ఒత్తిగిల్లజేసి, గడ్డము కొంచెము పైకెత్తి యుంచుడు. నోట నీరు పోయవలదు. నీట మునిగినవాని పొట్ట నొక్కి నీరు కక్కించుటకై కాలము పోగొట్టవలదు. వానికి ముందు కావలసినది ఊపిరి. పాముకాటునకు గట్టి కట్టు కట్టుట, కోయుట, పీల్చుట కూడదు. గొంతు కడ్డుపడినవాడు గట్టిగా దగ్గుచున్నచో దగ్గనిండు. దగ్గలేక, మాటాడలేక నీలమెక్కినచో ముందుకు వంచి, ఱెక్కల నడుమ అఱచేతితో ఐదు దెబ్బలు. పోనిచో వెనుకనుండి పట్టి బొడ్డుపైన పిడికిటితో లోనికిని పైకిని ఐదు అదుములు. ఏడాది నిండని బిడ్డకు పొట్ట నదుమరాదు: ముంజేతిపై బోర్లించి ఐదు దెబ్బలు, వెల్లకిలజేసి ఱొమ్ము నడుమ ఐదు అదుములు. కనబడనిదానికై నోట వ్రేలు పెట్టి కెలుకరాదు.

అన్నిటికంటె ముఖ్యము, నిజము చెప్పుట. ఇంట నెవరైన పురుగులమందు మ్రింగినపుడు పరువుకై, పోలీసు భయముచే ‘కడుపునొప్పి’ యని చెప్పుట మనయందు కలదు. చికిత్స తప్పుదారి పట్టుటకు ఆ యొక్క మాట చాలును. 2017 నాటి మానసికారోగ్య రక్షణ చట్టపు 115వ సెక్షను, అట్టివారిని తీవ్రమైన మనోవేదనలో నున్నవారినిగా భావించి, శిక్ష పాలు చేయరాదనియే చెప్పుచున్నది. మందు సీసాను బండివారి చేతి కిండు. సిగ్గు పిమ్మట తీఱును, ప్రాణము తీఱదు.

చివరి వరుస నెల గడచినపిమ్మట. ‘మీ రోగి యెట్లున్నాడు?’ అని యెవరైన టెలిఫోనులో అడిగినచో విసుగుకొని పెట్టివేయకుడు. బ్రతికినచో బ్రతికినాడనియు, పోయినచో పోయినాడనియు చెప్పుడు. పోయినవాని సంగతి చెప్పుట కష్టమే. కాని ఆ మాట రేపు మఱియొక యింట నొకని నిలుపవచ్చును. ఎవరును అడుగనిచో, మీ వీధికి ఆ బండి వచ్చినప్పుడు మీరే పిలిచి చెప్పుడు.

మా ప్రక్కయింటి యిల్లాలు ఈ మధ్య మంచము కొనుక్కొని, దోమతెర కట్టుకొని పడుకొనుచున్నది. మొన్న ఆ బండి మా వీధిచివర ఆగగా ఆమె తానై పోయి ఆ పడుచువానికి కనబడి వచ్చెను. అతడు గుర్తుపట్టలేదట. “నన్నే కదయ్యా పాము కరిస్తే మోసుకెళ్ళావు!” అని చెప్పవలసివచ్చెనట. ఇట్టి మాటలు ఒక పుస్తకమున చేరు ఏర్పాటు మన రాష్ట్రమున ప్రతిబండికిని, ప్రతి ఆసుపత్రికిని కలుగవలెనని మేము కోరుచున్నాము. అంతవఱకు మన వంతు చెప్పవలసిన రెండు వరుసలు మనము తప్పకుండ చెప్పుదము.